గోడకు ఇటు వైఫై, అటు సిగ్నల్

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే తగిలే మా యూనివర్సిటీలో చదివిన ఆ రోజుల్లో నాకు రెండే ఆస్తులుండేవి. ఒకటి ఫోను, రెండోది కోపం. రెండోది మొదటిదాన్ని మింగేసింది. సినిమా సగంలో ఆగిపోయిందని పాత ఫోన్ని మంచం మీదికి విసిరాను, అది మంచాన్ని వదిలేసి గోడకు తగిలింది. నాన్న వారం రోజులు తిట్టి, కొత్తది కొనిచ్చారు. తీరా చూస్తే మా కాలేజీ వైఫైకి కొత్త ఫోనంటే గిట్టదు. ముందు రిజిస్టర్ చేసుకోవాలి, మన నంబరుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది, రెండు నిమిషాల్లో దాన్ని వైఫై పేజీలో కొట్టాలి. ఇంతేనా అనుకున్నాను. (సిటీలో పుట్టి పెరిగినదాన్ని కదా, నాకు అన్నీ ఇంతేనా అనిపించేవి.)

అసలు చిక్కు మా హాస్టల్ పల్లంలో ఉండటం. లోపల వైఫై ఉంది, సిగ్నల్ లేదు. వెనక గోడకు అవతల ఒక అవ్వ కొత్తిమీర తోట ఉండేది. అక్కడ మోటారు గది దగ్గర నిలబడితే సిగ్నల్ నిండా వస్తుంది, వైఫై రాదు. గేటు మీదుగా చుట్టు తిరిగి రావడానికి పావుగంట. శుక్రవారం ఓటీపీ తెచ్చుకుని హాస్టల్‌కి పరుగెత్తి చూశాను. ఆ తొందరలో అవ్వ మడులను అడ్డంగా తొక్కుకుంటూ పోయాను. ఆమె వెనక నుంచి, "కండ్లు ఫోన్లనే ఉంటయా బిడ్డా, కాళ్ల కింద ఏమున్నదో సూడవా" అన్నది. నేను ఆగకుండానే, "గడ్డే గదా అవ్వా, మళ్ల మొలుస్తది" అన్నాను. ఓటీపీ దక్కలేదు, ఆ మాట మాత్రం అక్కడే మిగిలిపోయింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇంటర్న్‌షిప్ ఫారం మూసేస్తారు. అది కాలేజీ వైఫైలో తప్ప తెరుచుకోదు. ల్యాబుకు తాళం, రూమ్మేట్లంతా ఇళ్లకు పోయారు. ఆ ఇంటర్న్‌షిప్ వస్తే ఉద్యోగం దాదాపు ఖాయమని సీనియర్లు చెప్పారు, రాకపోతే ఏమవుతుందో నాన్న అంతకుముందే చెప్పి ఉన్నారు. మూడింటికి నాకొక ఉపాయం తట్టింది. నా సిమ్మును గోడ అవతలికి పంపిస్తే సరి. వెళ్లి అవ్వ కాళ్లా వేళ్లా పడ్డాను. ఆమె తన బటన్ల ఫోను ఇచ్చింది. అందులో నా సిమ్ము వేసి, ఆమెను మోటారు గది దగ్గర నిలబెట్టి, మళ్లీ పావుగంట పరుగెత్తి లోపలికి వచ్చి, గోడ పక్కన బకెట్ బోర్లించి ఎక్కాను. కళ్లు గోడ పైకి వచ్చాయి. అవ్వ నలభై అడుగుల దూరంలో ఉంది. నా ఫోనులో ఓటీపీ పంపమనే మీట నొక్కాను.

"వచ్చిందా అవ్వా?"

"టింగుమన్నది. వచ్చింది."

"అంకెలు చెప్పు."

"చెప్ప."

సరిగ్గా వినలేదేమోనని మళ్లీ అడిగాను.

"ఫోన్ల వచ్చిన నంబర్ ఎవలడిగినా చెప్పొద్దని మా సంఘం మీటింగ్ల బ్యాంకాయన మూడుమాట్ల చెప్పిండు. మా పక్కింటామె చెప్పి ఆగమైంది."

"అయ్యో, అది నా సిమ్మే గదా అవ్వా. నేను దొంగ లెక్క కనవడ్తున్ననా?"

"మొన్న నా మడి తొక్కుకుంట ఉరికినప్పుడు కనవడ్డవు."

రెండు నిమిషాలు అయిపోయాయి. నాకు తల తిరిగిపోయి, "నీకు జరంతన్న తెలివున్నదా" అని అరిచేశాను. అవ్వ ఫోన్ని బొడ్లో దోపుకుని, కింద కూర్చుని కొత్తిమీర కట్టలు కట్టడం మొదలుపెట్టింది. పేజీలో ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: ఇంకా రెండే అవకాశాలు, తర్వాత రేపే. టైము మూడూ నలభై. బకెట్ మీద నిలబడి నేను ఏడవడం మొదలుపెట్టాను. (బకెట్ మీద నిలబడి ఏడవడం తేలిక కాదు, పట్టు తప్పుతుంది.)

"తప్పయింది అవ్వా."

"దేనికి?"

"ఇప్పుడు అరిచినందుకు."

"ఇంక?"

"మడి తొక్కినందుకు."

"ఇంక?"

ముక్కు చీదుకున్నాను. "గడ్డి అన్నందుకు."

అవ్వ లేచింది. "చెప్పుడైతే చెప్ప. చూపిస్త. చూపియ్యొద్దని బ్యాంకాయన అనలే."

రెండోసారి మీట నొక్కాను. టింగుమనగానే అవ్వ బయల్దేరింది, కానీ గట్ల మీదుగా. ఒక మడి చుట్టూ తిరిగి, రెండో మడి చుట్టూ తిరిగి, చీర కుచ్చిళ్లు ఒక్క రెమ్మకు కూడా తగలకుండా, పెళ్లికి వచ్చినంత నిదానంగా వచ్చింది. గోడ కింద నిలబడి చెయ్యెత్తింది, నాకు అందలేదు. అందేలోపు అంకెలకు కాలం చెల్లిపోయింది.

ఇంక ఒక్కటే మిగిలింది. అవ్వ వెనక్కి వెళ్లి, జామకాయలు తెంపే కర్రను, దాని చివర సంచీతో సహా, పక్కన పెట్టుకుంది. "ఇప్పుడు నొక్కు" అన్నది. టింగుమంది. అవ్వ ఫోన్ని సంచీలో వేసింది. గట్టు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తర్వాత చీర కొంగు బిగించి, నిండుగా ఎదిగిన తన కొత్తిమీర మీదుగానే గీత గీసినట్టు నేరుగా నడిచి వచ్చింది. కర్ర గోడ మీదికి లేచింది. సంచీలోంచి ఫోను తీసి ఆరంకెలూ కొట్టాను. నా ఫోను మూలన వైఫై గుర్తు వెలిగింది. నాలుగింటికి మూడు నిమిషాలున్నాయనగా ఫారం వెళ్లిపోయింది.

అప్పుడు తలెత్తి చూస్తే మడుల మధ్యలో ఆమె పాదాల దారి నల్లగా కనిపించింది. "అవ్వా, నీ కొత్తిమీర" అన్నాను.

"గడ్డే గదా బిడ్డా" అన్నది అవ్వ నవ్వుకుంటూ. "మళ్ల మొలుస్తది."

ఆ ఇంటర్న్‌షిప్పే ఇప్పుడు గండిపేటలో ఉద్యోగమై కూర్చుంది. ఆఫీసులో అడుగుపెట్టగానే నా ఫోను ఎవరినీ బతిమాలకుండా వైఫైకి కలిసిపోతుంది. నా కోపం పూర్తిగా పోయిందని చెప్పను, నెట్టు ఆగితే ఇప్పటికీ ఫోను వైపు, గోడ వైపు చూస్తాను. అంతలో బకెట్ మీద ముక్కు చీదుకుంటున్న ఆ పిల్ల గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది, ఫోను బతికిపోతుంది. కూరగాయలు కొన్నప్పుడు కొత్తిమీర ఊరికే వేయమని అడగడం మా అమ్మకు అలవాటు. "నువ్వెందుకే అడగవు, నోరు లేనిదానివా" అని అమ్మ విసుక్కుంటుంది. నోరు ఉంది. అప్పట్లో ఎక్కువే ఉండేది.