ఎడమ టైరు బయటి అంచు

శాలిబండలో కార్లకు, వ్యాన్లకు వీల్ అలైన్‌మెంట్ చేసే పెద్దాయన మొన్న శుక్రవారం పోయారు. వాళ్ల షాపు పక్కనున్న టీ కొట్టాయన ఫోన్ చేసి చెప్పాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. పదిమంది పిల్లల్ని బడికి దింపే వ్యాన్ నాది. దాని చక్రాల సంగతి ఇక నాకెవరు చెబుతారు?

ఆయన్ని బాపు అని పిలిచేదాన్ని. టైరును కళ్లతో చూసే ముందు అరచేత్తో తడిమేవారు. నడిమి అరిగితే గాలి ఎక్కువైందని, రెండంచులూ అరిగితే తక్కువైందని అక్కడికక్కడే తేల్చేవారు. "టైరుకు దాసుకునుడు రాదు బిడ్డా" అనేవారు. ఆయన మాత్రం బీడీకట్ట భార్యకు కనబడకుండా పానాల డబ్బాలో దాచుకునేవారు.

నా వ్యాన్‌కు ముందరి ఎడమ టైరు బయటి అంచు ఒక్కటే అరిగేది. అలైన్‌మెంట్ సరిచేసిన రెండు నెలలకే మళ్లీ అదే గతి. మూడోసారి పోయినప్పుడు ఆయన చేతులు తుడుచుకుని వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు.

"నడువు. రోజు పోయే తొవ్వనే పో."

నయాపూల్ దగ్గర కుడి పక్కకు బస్సు వచ్చింది. నాకు తెలియకుండానే స్టీరింగ్ ఎడమకు గుంజేశాను. ఎడమ చక్రం ఫుట్‌పాత్ అంచుకు గట్టిగా తగిలింది.

"బండికేం రోగం లేదు. నీకే బస్సంటే భయం. రోజు గిట్ల గుద్దితే చక్రం లైన్ తప్పదా ఏంది?"

"మస్తు భయమైతది బాపూ. ఏం చెయ్యాలె?"

"భయపడు, నేను వద్దన్ననా? గని భయమైతే బ్రేకు తొక్కు, పక్కకు గుంజకు. గా పక్కన ఎవలన్న నడుస్తుంటే ఏమైతుండె?"

డ్రైవింగ్ నేర్చుకున్నప్పటి నుంచి అందరూ నన్ను ధైర్యంగా ఉండమన్నవాళ్లే. భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పింది ఆయనొక్కరే. ఆ తర్వాత ఆ టైరు అన్నివైపులా సమంగానే అరిగింది.

ఆయన పోయాక వచ్చిన సోమవారం, పిల్లలతో నయాపూల్ మీదికి వచ్చాను. కుడి పక్క నుంచి బస్సు హారన్ కొడుతూ మీదికొచ్చింది. ఎడమ పక్కన, కొంచెం ముందు, ఒక ముసలమ్మ పూల గంపతో నడుస్తోంది. నా చేతులు గుంజబోయాయి. బ్రేకు తొక్కాను. వ్యాన్ ఉన్నచోటే నిలబడింది. వెనక అంతా హారన్ల లొల్లి.

"ఆంటీ, ఎందుకు ఆపినవ్?" అని ఒక పాప అడిగింది.

"భయమైతుంది బిడ్డా. బస్సును పోనీ."

పిల్లలెవరూ నవ్వలేదు. బస్సు మమ్మల్ని రాసుకుంటున్నట్టే వెళ్లిపోయింది. ముసలమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. తలమీద గంప సర్దుకుని, తన దారిన తాను మెల్లగా నడిచిపోయింది.