పేరు పెట్టి పిలిపించుకున్న అత్తమ్మ

పోయిన నెల ఒక మంగళవారం, పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న వేళ, మా అత్తమ్మ ఊపిరి ఆగింది. ఇలాంటప్పుడు మా సంఘంలో ‘ప్రభువునందు నిద్రించింది’ అంటాం. ఆ మాట రాయబోయి కలం ఆపాను. పగటిపూట నిద్ర ఆమెకు కిట్టేది కాదు. మంచాన పడిన ఏడాదిలో కూడా, ఇంట్లో ఎవరైనా మధ్యాహ్నం కునుకు తీస్తే, రాత్రిళ్ళు దొంగతనాలకు పోతున్నారా అని అడిగేది. అందుకే పోయింది అనే రాస్తున్నాను. వయసెంతో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది నన్ను వరంగల్ చుట్టుపక్కల కూడికల్లో చూసే ఉంటారు. చంకలో గ్రంథం, చేతిలో మైకు, మెడ నరాలు ఉబ్బేదాకా అరిచే గొంతు. వెనకాల నన్ను నిప్పులక్క అంటారని నాకు తెలుసు, విని సంతోషపడ్డాను కూడా. ఈ గొంతు బాప్తిస్మపు నీళ్ళలోంచి లేచిన రోజునే నాకు దిగిందని ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో లెక్కలేదు. అందులో అబద్ధం లేదు గాని, సగమే చెప్పాను. మిగతా సగం నాకు మిర్చి యార్డులో దొరికింది.

పాలంపేట దాటి ఒక చిన్న పల్లె మాది. వరి పొలాల పల్లె. మా నాయిన ఇంట్లోకి వచ్చి ఒక్క దగ్గు దగ్గితే ఆడపిల్లలం మాట మధ్యలో ఆపేసేవాళ్ళం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆపడం ఎప్పుడు నేర్చుకున్నామో కూడా గుర్తులేదు. అమ్మ ఆపేది, అక్క ఆపేది, నేనూ ఆపేదాన్ని. పెళ్ళై వరంగల్ వచ్చేనాటికి నేను ఏ ప్రశ్నకైనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘ఏమో’ అని మాత్రమే అనగలిగేదాన్ని. కూర ఏం చెయ్యాలె అంటే ఏమో. కడుపునొప్పా అంటే ఏమో. మా ఆయన వారం రోజులు చూసి, పిల్ల మంచిదే గాని జర మందమేమో అని తల్లితో అన్నాడట.

అత్తమ్మ నన్ను తెల్లారే యార్డుకు తీసుకుపోయింది. ఎర్రకాయల రాశి ముందు కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పెట్టే పని. ముప్పై మంది ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద. పని మొదలయ్యేముందు గుమస్తా ఎదుట అందరి పేర్లూ హాజరు పిలవాలి. ఆ పని ఆమె నాకు అప్పజెప్పింది. చుట్టూ లారీలు, హమాలీల కేకలు, ఘాటుకు దగ్గే వందల గొంతులు. నేను పిలిచిన మొదటి పేరు నాకే వినపడలేదు.

కింద మీద పడి అందరినీ పిలిచాను. చివరికి ఒక్క పేరు మిగిలింది, ఆమెది. మా దిక్కు కోడలు అత్త పేరు నోటితో అనదు. పేరు అనాల్సి వస్తే ‘మా ఆయన వాళ్ళ అమ్మ’ అనాలి, లేదా నెత్తి గోక్కుంటూ నిలబడాలి. నేను “అత్తమ్మా” అని పిలిచాను. ఆమె యార్డు ఆ చివర బస్తా మీద కూర్చుని ఉంది, కదల్లేదు. మళ్ళీ పిలిచాను. గుమస్తా గడియారం చూసుకుంటున్నాడు. ముఠా అంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అక్కడినుంచే అంది ఆమె: “ఈడ ముప్పైమందిల ఇరవైమంది అత్తలే. ఎవల్ని పిలుస్తానవే? నాకు పేరున్నది.”

ఏడుపొచ్చింది. కళ్ళు మూసుకుని ఆ పేరు గట్టిగా అరిచేశాను. ఆమె లేచి, చీర దులుపుకుని, రాణిలాగా నడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మర్నాడూ అంతే. పేరు చిన్నగా వినపడితే, ‘నాకు వినవడలే’ అనేది. పక్క గల్లీలో కాకి ఎగిరిన చప్పుడు కూడా వినగల చెవులు ఆమెవి. రెండు నెలల్లో నా పిలుపు గేటు బయట చాయ్ బండి దగ్గరికి వినపడేది. అప్పుడు అరిచిన ఆ పేరు ఇక్కడ రాయడానికి నాకిప్పుడు చెయ్యి రావడం లేదు. చూడండి, మా అమ్మ నేర్పింది ఇంకా నాలో ఎక్కడో ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. కారం అంటిన వేళ్ళతో పిల్లల్ని ముట్టుకుంటే మంట పుడుతుందని, ఆమె అరచెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టు వెనక భాగంతో పిల్లల బుగ్గలు నిమిరేది. యార్డు మానేసి పదిహేనేళ్ళయినా అదే అలవాటు. మా ఆయన చెమట తుడుచుకున్నా అలాగే. యార్డు ముఖం ఎన్నడూ చూడని మా కొడుకు, హన్మకొండలో ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని పనిచేసేవాడు, నాయనమ్మ శవం పక్కన నిలబడి మణికట్టు వెనక భాగంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరు నేర్పారు వాడికి? దేవుని చేతిలో మనం కుమ్మరి మన్నులాంటివాళ్ళమని నేను ఎన్నో పల్లెల్లో చెప్పాను. కుమ్మరి ఇంట్లో ఆ మన్ను తొక్కడానికి ఇంటిల్లిపాదీ దిగుతారన్న సంగతి మాత్రం చెప్పలేదు.

నేను చదివింది ఐదు. గ్రంథం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. మొదటిసారి కూడికలో నన్ను ప్రార్థన చెయ్యమన్నప్పుడు నాతో కాదని అత్తమ్మ చెవిలో చెప్పాను. “దేవుడు గాడిదతోటి సుత మాట్లాడిచ్చిండట గదా, నీతోటి మాట్లాడియ్యడా? లే,” అంది. లేచాను. ఆ తర్వాత ఇరవై ఐదేళ్ళు కూర్చోలేదు. ములుగు, ఏటూరునాగారం, ఎక్కడ పిలిస్తే అక్కడికి బస్సెక్కేదాన్ని. వీధి కూడికల పెద్దమనుషుల అరుపులు విని నా అరుపు పెంచుకున్నాను. మైకు కొన్న రోజు ఆమె దాన్ని తిప్పి చూసి, దేవునికి చెవుడు వచ్చిందా అని అడిగింది. అందరం నవ్వాం. నాకు ఇంట్లో కూడా గొంతు తగ్గడం లేదని అప్పటికి నాకు తెలియదు.

ఇక నా తప్పు. అది చెప్పకుండా ఈ స్మృతి రాస్తే ఆమె ఒప్పుకోదు.

మా కొడుకు పెళ్ళాం ఏటూరునాగారం అడవుల దిక్కు పిల్ల. నెమ్మది. కొత్తలో నేను ఎంత నెమ్మదో అంత. మంచాన పడ్డ అత్తమ్మకు తినిపించేది, తుడిచేది ఆ పిల్లే. ఒకనాడు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ అన్నం మాడ్చింది. నిజంగానే మాడింది, నేను కల్పించలేదు. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను జాగ్రత్త గురించి వాక్యం చెబుతూ, పేరు చెప్పకుండా, ‘ఒక ఇంట్లో ఒక కోడలు’ అని మొదలుపెట్టాను. మంచంలో ఆకలితో ముసలితల్లి, చేతిలో ఫోన్, పొయ్యి మీద పొగ. ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే మా కోడలి వైపు తిరిగాయి. ఆమె కొంగు సర్దుకుని చాప అల్లిక చూస్తూ కూర్చుంది. నాకు ఆమెన్‌లు పడ్డాయి. ఆ ఆమెన్‌ల ఊపులో ఇంకో పది నిమిషాలు చెప్పాను.

మర్నాడు పొద్దున ఆ పిల్ల స్టవ్ తుడిచి, నాయనమ్మ మందులు పొద్దుటివి ఒక డబ్బాలో, సాయంత్రంవి ఒక డబ్బాలో సర్ది, రెండు రోజులు అమ్మ దగ్గరికి పోయి వస్తానని బస్సెక్కింది. రెండు రోజులు ఏడు వారాలైంది. మా కొడుకు నాతో మాట తగ్గించాడు. నేను వాక్యంలో నాకు అనుకూలమైన చోట్లన్నీ వెతుక్కున్నాను. వెతికేవాళ్ళకు దొరుకుతాయి.

అత్తమ్మ పోట్లాడలేదు. రోజూ పొద్దున నేను అన్నం ముద్ద పెట్టబోతే ఒకటే అడిగేది: “ఏటూరునాగారం బస్సులు నడుస్తానయా?” నడుస్తున్నాయనేదాన్ని. “మంచిది,” అని నోరు తెరిచేది. నా చేతి ముద్దలు రెండుకు మించి దిగేవి కాదు. కోపంతో కాదు, గొంతు అలవాటు పడలేదంతే. దవాఖానలో డాక్టరు ఇంకెన్నో రోజులు లేవని మా ఆయనకు చెప్పాడు. ఆ పిల్లను మళ్ళీ చూడకుండానే ఈమె పోతుందేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది నన్ను. అయినా కదల్లేదు.

ఏడో వారంలో ఒకరోజు ముద్ద పక్కకు నెట్టి అంది: “మా అత్త నన్ను బాయికాడ నలుగుట్ల నిలవెట్టి తిట్టేది. గప్పుడే అనుకున్న, నాకు కోడలొస్తే నలుగుట్ల నా నోట దాని తిట్టు ఇనవడొద్దని. నీకు పేర్లు పిలువ నేర్పిన. పేరు వెట్టకుంట పొల్లను బజార్ల నిలవెట్టుమని నేర్పిన్నా?”

బాయి దగ్గర నలుగురిలో తిట్టి, అక్కడితో ఆగిపోయిన ఒక అత్త గొంతు, ఈమెను దాటి, నేను కొన్న మైకులో మళ్ళీ మొదలైంది. నాలుక చిన్న నిప్పే గాని అడవినంతా కాలుస్తుందని వాక్యం. అడవి పిల్లనే కోడలుగా తెచ్చుకుని మరీ కాల్చాను.

బస్సెక్కాను. ములుగు దాటేదాకా ఏ వచనంతో మొదలుపెట్టాలా అని పేజీలు తిప్పాను. అడవి మొదలయ్యాక మూసేశాను. వియ్యపురాలు మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది. కోడలు గుమ్మంలో నిలబడింది. “తప్పయింది బిడ్డా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ పిల్ల తలెత్తి, మా ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడింది: “నలుగుట్ల అన్నరు అత్తమ్మా. ఈడ ఇనేటోళ్ళు ఎవలున్నరు?”

ఒంటరిగా తిరిగొచ్చాను. అత్తమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉంది. ‘ఏదీ’ అంది. జరిగింది చెప్పాను. చాలా రోజుల తర్వాత పొట్ట కదిలేలా నవ్వి, “పొల్ల యార్డుల పనికొస్తది,” అంది.

మా కూడికల్లో సాక్ష్యమంటే రక్షణకు ముందు చేసిన పాపాలే. మైకు పట్టుకున్నాక చేసిన తప్పును ఎవరూ చెప్పరు. నేనూ వినలేదు. ఆ శుక్రవారం నేను మైకు బల్ల మీదే పెట్టి నిలబడ్డాను. నా కోడలి పేరు చెప్పాను. ఏడు వారాల కిందటి కూడికలో ఒక కోడలని నేను అన్నది ఆ పిల్లనేనని, అన్నం మాడటం చిన్నదని, నేను మాడ్చింది పెద్దదని, తప్పు నాదని చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క ఆమెన్ పడలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ, “కూసో బిడ్డా,” అంది. కూర్చున్నాను. పెనుగాలిలో, భూకంపంలో, నిప్పులో కనపడని దేవుడు ఆ తర్వాతి మెల్లని స్వరంలో ఉన్నాడని ఎన్నోసార్లు అరిచి చెప్పినదాన్ని, ఆ చోటును నిజంగా చదివింది ఆరోజే.

నేను మాట్లాడింది ఎవరో ఫోన్‌లో తీసి ఆ పిల్లకు పంపారట. ఆదివారం మధ్యాహ్నం కోడలు బ్యాగుతో దిగింది. కాళ్ళు కడుక్కుని నేరుగా మంచం దగ్గరికి పోయి, జావ కలిపి పెట్టింది. అత్తమ్మ గిన్నెడు తాగింది. తొమ్మిది రోజులు అలా తాగింది. పదో రోజు మంగళవారం.

మరణం జరిగిన ఇళ్ళలో స్నానం చేయించే దగ్గర పెత్తనం ఎప్పుడూ నాదే. నీళ్ళెవరు పొయ్యాలి, చీర అడ్డం ఎవరు పట్టాలి, తెల్లచీర ఎప్పుడు అందించాలి, అన్నీ నేనే గట్టిగా చెబుతాను. ఆరోజు ఆమె తలాపున చతికిలపడ్డాను. ఆడవాళ్ళంతా నా వైపు చూస్తున్నారు. కోడలు ఎవరి వైపూ చూడలేదు. బకెట్లో వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపి, పసిబిడ్డకు చూసినట్టు మోచేతితో వేడి చూసింది. పక్కింటామెను చీర పట్టమంది. ఆ మాట గల్లీలోకి వినపడింది. అప్పుడు నా వైపు తిరిగి, “అత్తమ్మా, మీరు తల పట్టుకోన్రి,” అంది.

పట్టుకున్నాను.

“గట్ల గాదు. జర పైకి. నీళ్ళు చెవులల్లకు పోతయి.”

పైకి లేపాను. ఎంత చిన్నగా ఉంది ఆ తల నా అరచేతిలో. చెంబుతో పోసిన నీళ్ళు నెరిసిన వెంట్రుకల్లోంచి జారి, నా చేతి మీదుగా కొంగులోకి దిగుతున్నాయి. ఇంక జర, అంది కోడలు. ఇంకొంచెం లేపి, ఆమె చాలనేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.