ఊపి చూసే కంబన్న

కంబన్న మేస్త్రి దేన్నీ ఊపి చూడకుండా నమ్మేవాడు కాదు. బెంచీ మీద కూర్చోవాలంటే ముందు బెంచీని ఊపేవాడు. బస్సెక్కాలంటే తలుపు పక్క కడ్డీని పట్టుకుని ఊపేవాడు. "ఎక్కుతావా, పెరికి ఇంటికి తీసుకపోతావా?" అని కండక్టర్లు అడిగేవాళ్లు. అక్క కొడుక్కి పిల్లను చూడబోయి, పిల్లకంటే ముందు వాళ్ల వాకిలి చూసి, ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడట. పిల్ల తండ్రి బిత్తరపోయి చూస్తుంటే, "గట్టిగా ఉండాది. ఇంక పిల్లను పిలువప్పా" అన్నాడట. ఆ సంబంధం కుదిరింది కూడా.

సొంత ఊరు బేతంచెర్ల. ఇరవై ఏళ్లు ఇళ్లకు బండలు పరిచి, యాభై దాటాక ఇనుము పనిలోకి వచ్చాడు. నేను కడపలో సైకిళ్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నవాణ్ని. నాకు ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి నేను చెప్పకపోయినా నా పని చూసినవాళ్లకు తెలిసిపోయేది.

రాజధాని కర్నూలుకు వచ్చిన ఏడది. మద్రాసు నుంచి ఆఫీసులు వచ్చాయి, వాటి వెనక వ్యాగన్ల నిండా కాగితాలు వచ్చాయి. గుమాస్తాలు డేరాల్లో సర్దుకున్నారు గాని కాగితాలు సర్దుకోవు కదా. మా ఆఫీసుకు ఒక పాత బంగళా అద్దెకు దొరికింది. దాని వెనక హాల్లో పద్నాలుగు ఇనుప ర్యాకులు నిలబెట్టి, గోనెసంచుల్లోని రికార్డు కట్టలన్నీ వాటి అరల్లోకి చేర్చాలి. అందుకు కంబన్ననూ నన్నూ టెంపరరీగా తీసుకున్నారు. పని నచ్చితే ఒకరిని ఫిట్టరుగా పర్మనెంటు చేస్తామన్నారు.

ఆ ఉద్యోగం నాకు ఎంత అవసరమో చెప్పాలి. నాకు పెళ్లయి ఏడాది అయింది. మా మామ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి, "ఏమప్పా టెంపరరీ, బాగుండావా?" అని నలుగురిలో పలకరించేవాడు. మొదట్లో మా ఆవిడ చాటుగా నవ్వేది. తర్వాత్తర్వాత చాటు కూడా మానేసింది.

చేరిన రోజే కంబన్న మా ఇద్దరి ఉద్యోగాలకూ ముప్పు తెచ్చాడు. సూపరింటెండెంటు గారు మద్రాసులో పాతికేళ్లు పనిచేసి వచ్చిన పెద్దమనిషి. ఆయన కుర్చీలో కూర్చుని మాకు పని వివరిస్తుండగా కంబన్న వెనక్కి వెళ్లి, ఆయనతో సహా ఆ కుర్చీని పట్టుకుని ఊపాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారాయన బల్ల అంచు పట్టుకుని.

"కుర్చీ బాగుండాది సార్," అన్నాడు కంబన్న. "మీరే రవ్వంత ఎడమకు వంగి కూర్చుంటాండారు."

గది ఊడుస్తున్న గిడ్డమ్మ చీపురు పారేసి బయటికి పరుగెత్తింది. నవ్వాలంటే ఆఫీసు దాటి నవ్వాలని ఆమె నియమం. తర్వాత తిరిగొచ్చి, "కంబన్నా, నీ చేతికి కొండారెడ్డి బురుజు తగలకుండా చూసుకోవాలప్పా," అంది.

"అది చూసినా గిడ్డమ్మా. బాగుండాది."

పని మొదలైంది. ర్యాకుల నిలువు నిట్రాళ్లు, అరలు విడివిడిగా వచ్చాయి. నట్లు బోల్టులతో బిగించి నిలబెట్టి, ఇనుప పట్టీతో గోడకు కట్టాలి. బిగించడం నా వంతు, ఊపడం కంబన్న వంతు అన్నట్టుగా సాగింది. మొదటి ర్యాకు కాగానే నేను నా సొంత తెలివితో కట్టలు ఎక్కించడం మొదలుపెట్టాను. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పై అరలు నింపేస్తే, అలసిపోయాక కింది అరలు సుఖంగా నింపుకోవచ్చని నా లెక్క. మణుగేసి బరువున్న రిజిస్టర్లన్నీ నెత్తి మీదికెత్తి పై అర నింపాను. కంబన్న వచ్చి ఒక వేలితో ర్యాకును తాకాడు. చెయ్యి కూడా కాదు, వేలు. అది తాగినవాడిలా ముందుకు తూలింది.

"దించు," అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ. బరువు కింద ఉండల్ల, తేలిక పైన ఉండల్ల. కింది నుంచి నింపల్ల, పైనుంచి తియ్యల్ల."

"ముందే చెప్పుంటే పోయేది కదా కంబన్నా."

"చెప్తే మర్చిపోతావు. మోస్తే మర్చిపోవు."

నిజమే. నా నడుము ఆ పాఠాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాత నాకు పని మీద గర్వం పుట్టింది. దానికి కారణం ఉంది. నేను బిగించిన ప్రతి ర్యాకూ కంబన్న మొదటిసారి ఊపినప్పుడు గడగడలాడేది. నేను టీ తాగి వచ్చి, "ఇప్పుడు ఊపు" అంటే రాయిలా నిలబడేది. ఇనుము కొత్త చోట సర్దుకోవడానికి ఒక టీ తాగేంతసేపు పడుతుందని నేను ఒక సిద్ధాంతం కనిపెట్టాను. దాన్ని టీ అంగట్లో చెప్పాను. మా మామకు చెప్పాను. సూపరింటెండెంటు గారికి రెండుసార్లు చెప్పాను. కంబన్నకు కూడా చెప్పాను.

"ఔనా?" అన్నాడాయన. "శానా బాగుండాదప్పా."

నెల తిరిగేసరికి పద్నాలుగు ర్యాకులూ నిండి నిలబడ్డాయి. ఒక శనివారం పొద్దున సూపరింటెండెంటు గారు హడావిడిగా వచ్చారు. మధ్యాహ్నం పై అధికారి చూడటానికి వస్తారట. ఎవరిని పర్మనెంటు చేయాలో ఆ చేత్తోనే సంతకం పెడతారట.

"ఆ కిటికీ పక్క ర్యాకు రెండడుగులు జరపండి. అక్కడ నా బల్ల వేయించాలి," అన్నారు.

"దించి జరపల్ల సార్," అన్నాడు కంబన్న.

"ఎంతసేపు?"

"మద్యాన్నం దాకా పడతాది."

ఆయన ముఖం ముడుచుకుంది. నాకు మా మామ ముఖం కనబడింది. "అంతసేపు ఎందుకు సార్? నిమిషం పని," అన్నాను.

"తిమ్మయ్యా, వద్దప్పా," అన్నాడు కంబన్న. నేను వినలేదు. గోడ పట్టీ విప్పేశాను. భుజం ఆనించి, పై అధికారే నన్ను చూస్తున్నట్టు ఊహించుకుని తోశాను.

ర్యాకు కాళ్లు కదల్లేదు. తల కదిలింది.

"గిడ్డమ్మా, అవతలికి పో," అని కంబన్న గొంతు వినిపించింది. ర్యాకు అటువైపు గిడ్డమ్మ వంగి ఊడుస్తోందని నాకు తెలియనే తెలియదు. ఆమె గోడవైపు దూకింది. ఆమె ఉన్నచోట పై అర నుంచి ఐదారు కట్టలు ధబధబా పడ్డాయి. అప్పటికే కంబన్న అటువైపు చేరి, వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి ర్యాకును ఆపాడు. నేను ఇటునుంచి నిట్రాడు పట్టుకుని వేలాడాను. సూపరింటెండెంటు గారు కూడా కోటుతోనే వచ్చి ఒక చెయ్యి వేశారు. ముగ్గురం కలిసి దాన్ని మెల్లగా నాలుగు కాళ్ల మీదికి తెచ్చాం.

"ఏమప్పా, నాకేమన్నా శత్రువువా నువ్వు?" అంది గిడ్డమ్మ నాతో. నేను కింద పడ్డ కట్టలు ఏరడం మొదలుపెట్టాను.

తర్వాత కంబన్న చెప్పినట్టే చేశాం. పైనుంచి ఒక్కొక్క అర దించాం. ఖాళీ ర్యాకును చెరొకవైపు పట్టుకుని ఎత్తి పక్కన పెట్టాం. అప్పుడు దాని కాళ్లు ఉన్నచోట, నేల మీద మూడు చిన్న బండ చెక్కలు కనబడ్డాయి. ఒకటి రూపాయి బిళ్లంత మందం, ఒకటి గోరంత, ఇంకొకటి దాదాపు కాగితమంత. నున్నగా అరగదీసి, ర్యాకు రంగులో కలిసిపోయేట్టు నల్లసిరా పూసి ఉన్నాయి.

ఇనుము సర్దుకోవడం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నేను టీ తాగుతూ నా సిద్ధాంతం చెబుతున్న వేళల్లో కంబన్న ఇక్కడ మోకాళ్ల మీద కూర్చుని రాయి అరగదీస్తూ ఉన్నాడు. ఊపేది ఏ కాలు లేచిందో చూడటానికి. సిరా పూసింది నా కంట పడకుండా ఉండటానికి.

"ఏమిటివి? ఎవరు పెట్టారు?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"తిమ్మయ్యనే సార్," అన్నాడు కంబన్న. "పాత నేల సార్ ఇది, ఎచ్చుతగ్గులుండాది. అట్ల పెట్టకుంటే ర్యాకు నిలబడదు."

"ఇంత పని చేసి నాకు ఒక్క మాటా చెప్పలేదే."

"ఆయప్ప తన పని గురించి చెప్పుకోడు సార్."

మూలనుంచి గిడ్డమ్మ పెద్దగా దగ్గింది. సూపరింటెండెంటు గారు నావైపు చూశారు. "మరి ఇంత తెలిసినవాడివి అలా ఎందుకు తోశావు?"

"మీరు తొందర పెట్టినారు కదా సార్," అన్నాడు కంబన్న. సూపరింటెండెంటు గారు ఇంకేమీ అడగలేదు.

నిజం చెప్పాలని నేను నోరు తెరిచాను. కంబన్న నా చేతుల్లో ఒక మణుగు రిజిస్టరు పెట్టాడు. దాని మీద ఇంకొకటి పెట్టాడు. గడ్డం దాకా బరువు ఉన్నప్పుడు నిజం బయటికి రావడం కష్టం. అవి దించి వచ్చేసరికి సూపరింటెండెంటు గారు వెళ్లిపోయారు. సాయంత్రం పై అధికారి సంతకం పెట్టిన పర్మనెంటు కాగితం మీద నా పేరు వచ్చింది.

"ఆ ఉద్యోగం నీది కంబన్నా. పోయి చెప్పేస్తా," అన్నాను.

"చెప్పి?"

"నీకు పర్మనెంటు చేస్తారు."

"ఈ పద్నాలుగూ గట్టిగా ఉండాయి. రిటైరయ్యేదాకా ఈడ కూర్చుని ఏం ఊపల్ల నేను?" అన్నాడు కంబన్న. "నీకు ఇల్లుండాది. చేరు. గిడ్డమ్మ అవతల ఉండాదేమో చూసుకో, అంతే."

అయినా నా మనసు ఆగలేదు.

"కంబన్నా, నిజం చెప్పు. చెక్క పెట్టకుండా నిలబడింది పద్నాలుగులో ఒక్కటైనా ఉందా?"

ఆయన ఆలోచించాడు. "ఉండాది. మూడోది. నాలుగు కాళ్లూ సమంగా, నీళ్లు పోసినట్టు నిలబడింది. నేను ముట్టుకోనే లేదు."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెళ్లి మూడో ర్యాకును ఒకసారి నిమిరాను. ఇంటికి వెళ్లగానే మామకు ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను.

"అది ఆయప్ప బిగించిందే కదప్పా," అంది గిడ్డమ్మ. "నువ్వు ఆ పొద్దు జరమొచ్చిందని రాకపోతివి."

కంబన్న ఆ సాయంత్రమంతా గిడ్డమ్మతో మాట్లాడలేదు.