జూన్‌లో రాలిన ఆకులు

పారిస్ పక్కనున్న ఊరి వీధి అని చెప్పి, నా మిత్రుడొకడు మెల్‌బోర్న్‌లో తానుండే వీధిని ఫోటోలు తీసి నా చేతిలో పెట్టాడు. నేను వాటిని పట్టుకెళ్ళి, చూపు పోతున్న ఒక ముసలావిడకు ఇదిగో మీ పుట్టినూరు అని చూపించాను. ఎనభైల చివర జరిగిన సంగతి. ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఆవిడది మా పక్కిల్లు. ఫ్రెంచి మనిషి. పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియా వచ్చింది, భర్త పోయాక ఒక్కతే ఉండేది. నేను తపాలా ఉత్తరాలు వేరుచేసే పనిలో ఉండేవాణ్ణి. మధ్యాహ్నం ఇంటికి రాగానే "మొస్యూ, కాఫీ!" అని, వాళ్ళ భాషలో అయ్యగారూ అన్నట్టు, గోడ మీంచి కేకేసేది. నా బడి చదువు ఎనిమిదో తరగతితో సరి. మిగిలిందంతా లైబ్రరీల్లో కూర్చుని నాకు నేను చెప్పుకున్నదే. చరిత్ర, భూగోళం, చెట్లు, ఏది దొరికితే అది. అందుకని ఆవిడ మాటల్ని ఊసుపోక వినలేదు, పాఠం విన్నట్టు విన్నాను.

వాళ్ళ ఊరు పారిస్‌కు పడమటగా, రైల్లో అరగంట. డబ్బున్నవాళ్ళ ఊరు. ఇంటి ముందు పచ్చికకు అడ్డంగా గోడ కట్టకూడదట, తన దొడ్లో చెట్టు కొట్టాలన్నా మునిసిపాలిటీని అడగాలట. ఊరి మధ్యన కొలను, దాని చుట్టూ తోటలు. "మే నెలలో చెస్ట్‌నట్ చెట్లకు తెల్లటి గుత్తులు, కొవ్వొత్తులు నిలబెట్టినట్టు. జూన్ వచ్చేసరికి నీడ ఎంత చిక్కగా ఉండేదంటే, మా అమ్మ పట్టపగలే దీపం వేసి కుట్టుకునేది" అని చెప్పేది. వినీ వినీ ఆ ఊళ్ళో నన్ను వదిలిపెడితే దారి అడక్కుండా తిరిగొచ్చేటట్టు అయ్యాను.

చూపు ఇక ఎక్కువ కాలం నిలవదని కంటి డాక్టరు ఆవిడకు చెప్పేశాడు. ఆవిడ కోరిక ఒక్కటే. ఆ వీధినీ, తాను పుట్టిన ఇంటి ఆకుపచ్చ ఇనప గేటునూ ఒక్కసారి చూడాలి. ప్రయాణానికి ఒంట్లో శక్తి లేదు, అక్కడ నా అన్నవాళ్ళెవరూ మిగల్లేదు. "నేను తెప్పిస్తాను" అని మాటిచ్చాను.

ఎందుకిచ్చానంటే, అప్పుడే నా మిత్రుడు పారిస్‌లో డాక్టర్ల సభకు వెళ్తున్నాడు. మిత్రుడనడం తక్కువే. దేశం నుంచి వచ్చిన కొత్తల్లో ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. నా భార్య చేతి పప్పుచారు పోసుకుని "ఇది మా ఇల్లే అన్నయ్యా" అన్నవాడు. తర్వాత పెద్ద డాక్టరయ్యాడు. ఊళ్ళోకెల్లా ఖరీదైన, చెట్లు కమ్ముకున్న పేటలో ఇల్లు కొన్నాడు. మనలో ఎవరు ఏ ఊరెళ్తున్నా ఏదో ఒక పని అప్పజెబుతాం కదా. నేనూ అలాగే అప్పజెప్పాను.

"స్టేషన్ దిగి కుడిచేతి వీధి. కొలను దాటాక మూడో ఇల్లు."

"మీరెప్పుడు వెళ్ళొచ్చారన్నయ్యా? ట్యాక్సీవాడిలా చెప్తున్నారే!"

"ఆటలొద్దురా. ఆవిడకి చూపు సరిగా ఆనదు. దూరాన్నించి తియ్యకు, దగ్గరగా నిలబడి తియ్యి."

"ష్యూర్ అన్నయ్యా. కాన్ఫరెన్స్ అవగానే ఒక ఆఫ్టర్‌నూన్ వెళ్ళొచ్చేస్తా. మీరు వర్రీ అవకండి."

జూన్‌లో తిరిగొచ్చాడు. వారం పోయాక నాలుగు ఫోటోలు ఇచ్చాడు. "ఆ ఇల్లు లేదన్నయ్యా. పడగొట్టి ఫ్లాట్స్ కట్టేశారు. వీధి మాత్రం తీసుకొచ్చా" అన్నాడు.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో చూసింది. ఇల్లు పోయిందంటే తల ఊపింది. తర్వాత అడిగింది. "ఇవి జూన్‌లో తీసినవేనా?"

"ఇప్పుడే, ఈ నెలలోనే."

"కొమ్మలన్నీ బోడిగా ఉన్నాయే. ఆకులన్నీ నేల మీదే ఉన్నాయి. ఏదో తెగులు పట్టింది. మా చెట్లు చచ్చిపోతున్నాయి మొస్యూ."

ఇంటికి ఏడవని మనిషి చెట్లకు ఏడ్చింది.

ఆ తెగులేమిటో లైబ్రరీలో చూసొస్తానని, ఒక ఫోటో తీసుకుని బయల్దేరాను. మా వీధిలో కాళ్ళకింద ఎండుటాకులు గలగలలాడాయి. నిలబడిపోయాను. జూన్ ఇక్కడ ఆస్ట్రేలియాలో చలికాలం. ఫ్రాన్స్‌లో ఎండాకాలం. మావాడు ఇక్కడి ఋతువులకు ఎంత అలవాటుపడ్డాడో, అంత చదువు చదివినవాడికి ఆ సంగతే తట్టలేదు. లైబ్రరీ మానేసి ట్రామెక్కి వాడి వీధి మొదట్లో దిగాను. ఫోటో చేత్తో పట్టుకుని నడిచాను. అదే వంకర కొమ్మ, అదే పొట్టి ఇటుక గోడ. వాడింటికి నాలుగిళ్ళ అవతల.

తిన్నగా వెనక్కొచ్చి ఆవిడకు చెప్పేశాను. "అయితే మా చెట్లు బాగానే ఉన్నాయన్నమాట" అంది. అంతే. కోపమంతా నాకు వదిలేసింది.

మళ్ళీ ఎవరైనా వెళ్తే తెప్పిస్తానన్నాను. అటు వెళ్ళే మనిషి దొరికేదాకా ఆ కళ్ళు ఆగలేదు. మరుసటి చలికాలానికి ఆవిడ నన్ను గొంతును బట్టే గుర్తుపట్టేది.

వాణ్ణి అడుగుదామని ఫోను చేస్తే డ్యూటీలో ఉన్నాడనేవారు. పండగ భోజనాల్లో ఎదురైతే ప్లేటు పట్టుకుని ఇంకో గుంపులోకి జారుకునేవాడు. "అన్నయ్యకి కాస్త చాదస్తం" అని నలుగురిలో నవ్వాడట కూడా. వాడి అబద్ధాన్ని నా నోటితో చెప్పించి, నాది చాదస్తమట!

తొంభైల్లో పడ్డాక ఒక ఆదివారం, పార్కులో మనవాళ్ళ బార్బెక్యూ. చికెన్ కాల్చే పని వాడి మీద పడింది. పట్టకారు వదిలి వెళ్ళలేడు. పోయి పక్కన నిలబడ్డాను.

"ఎందుకు చేశావురా?"

"అదింకా వదల్లేదా అన్నయ్యా! అక్కడ టైమ్ దొరకలేదు. మిమ్మల్ని డిసప్పాయింట్ చెయ్యడం ఇష్టంలేక..."

"వెళ్ళలేదని చెప్తే పోయేది కదరా. ఆవిడ చివరగా చూసిన ఊరు ఏదో తెలుసా నీకు? నీ వీధి."

ముక్కలు తిరగేశాడు. పొగకు కళ్ళు చికిలించి, నేనేదో అర్థంలేని మాట అన్నట్టు నా వైపు చూశాడు.

"ఆవిడకి చూపు సరిగా ఆనదని మీరే కదా అన్నయ్యా చెప్పారు?"