జామచెట్టెక్కిన గాజు గిన్నె

ఆ రోజుల్లో, మా తాతలు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, మా వకోవా ఊళ్ళో వాన పడి వెళ్ళిపోయేది కాదు, కాపురమే పెట్టేది. పొద్దున్న తలుపు తీస్తే పొగమంచు అడక్కుండానే వసారాలోకి వచ్చి కూర్చునేది. దేశానికి ఇంకా స్వతంత్రం రాలేదు, నాకు పదిహేనేళ్ళు నిండలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ కాలమంతా మగత నిద్రలో గడిచినట్టుంటుంది గానీ, అందులో మా పక్కింటి మొక్కజొన్న మదాం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ పేరు మా నాన్న పెట్టాడు. ఆవిడది అమెరికా నడిమధ్యన ఆయోవా అనే చోటు. భర్త చక్కెర మిల్లులో కొత్త యంత్రాలు బిగించడానికి వస్తే, ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని తనూ వచ్చింది. మదాం అంటే పనులు పురమాయించే మనిషని నమ్మిన మా వీధికి, తన బట్టలు తానే ఆరేసుకుని, వసారాలో కూర్చుని మొగుడి మేజోళ్ళు కుట్టుకునే ఈ మదాం ఒక పట్టాన అర్థం కాలేదు. సాయంత్రాలు కంచె దగ్గర నిలబడి, గాలికి ఊగే చెరకు తోటల వైపు చూస్తూ, తమ ఊళ్ళో మొక్కజొన్న కూడా ఇలాగే ఆకాశం దాకా ఉంటుందని, చివర సముద్రం మాత్రం ఉండదని చెప్పేది. ఆవిడకి ఇంగ్లీషు, అమ్మకి తెలుగు కాక వచ్చింది దీవి జనమంతా మాట్లాడే క్రియోల్. మధ్యలో దుబాసీని నేను. (నేను బడికి పోయినప్పుడూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఏ భాషలోనో ఇప్పటికీ తెలియదు.)

ఒకరోజు ఆవిడ గాజు గిన్నెలో ఏదో తీపి వంటకం పంపింది. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మా ఇంటా వంటా లేదు కనక అమ్మ గారెలు పెట్టి పంపింది. తీరా చూస్తే ఆయోవాలోనూ అదే పద్ధతిట. ఇంకేముంది, ఎవరూ తగ్గలేదు. గిన్నె కంచెకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, మా నాన్న చొక్కా బొత్తాలు తెగుతూనే ఉన్నాయి.

ఇంతలో మిల్లులో పని ముగిసి వాళ్ళ ప్రయాణం శనివారం పొద్దుటికి కుదిరింది. ఆ సాయంత్రమే మా ఇంట్లో రామభజన. వారం నుంచీ ఇల్లంతా కారెం, అంటే ఉపవాస నియమం. నీచు తగిలిన గిన్నె గడప దాటకూడదని నాయనమ్మ శాసనం. సరిగ్గా అప్పుడే, సామాను సర్దుకుంటూ కూడా మదాం మా కోసం కోడిమాంసం వండి తెచ్చింది. అమ్మ నవ్వుతూ అందుకుని, ఆవిడ వెళ్ళగానే వాకిట్లో బొమ్మలా నిలబడిపోయింది. కూర ఎదురింటి బస్సు డ్రైవరు ఆనందంగా తినేశాడు. గిన్నె మాత్రం లోపలికి రాకూడదు, నేల మీద పెడితే కుక్కలు. చివరికి జామచెట్టు పంగలో కూర్చుంది. వాన దాన్ని శ్రద్ధగా నింపింది.

"వట్టి గిన్నె చేతిలో పెట్టి ఎలా సాగనంపనే ఆవిణ్ణి" అని అమ్మ ఏడ్చింది. పెళ్ళయి వచ్చాక అమ్మకి దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడ.

శనివారం వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మదాం సూటిగా జామచెట్టు కిందే ఆగింది. తల ఎత్తి చూసింది. అమ్మ నా వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి నా ఇంగ్లీషు సరిపోక ఉన్నదంతా చెప్పేశాను.

"మా అత్తగారు ఆదివారం ఇంట్లో కత్తెర ముట్టనివ్వరు" అంది ఆవిడ. "పిల్లల గోళ్ళు తీసినా పాపమేనట."

ఈ ముక్క తెలుగులో చెప్పగానే నాయనమ్మ మొహం విప్పారింది. సముద్రాలకి అవతల తనలాంటి అత్తగారు మరొకామె ఉందని ఆవిడ ఊహించి ఉండదు. లోపలికి వెళ్ళి తన ఇత్తడి గిన్నె తీసి, సాయంత్రం దేవుడి కోసం దాచిన అరిసెలు అందులో నింపడం మొదలుపెట్టింది.

"అత్తా, ఇంకా నైవేద్యం పెట్టలేదు" అంది అమ్మ భయంగా.

"అయితేనేం, రాముడు మనింట్లోనే ఉంటాడు గదే. ఈ పిల్ల ఉండదు."

మదాం ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. గాజు గిన్నె మా దగ్గరే ఉంచుకోమంది. పొగమంచులో కారు కనబడకుండా పోయాక కూడా అమ్మ కంచె పట్టుకుని నిలబడే ఉంది. వాళ్ళు మళ్ళీ రాలేదు, మేమూ వెళ్ళలేదు.

ఇప్పుడు అదే ఇంట్లో భజన వంట నాది. అరిసెలు వండిన ప్రతిసారీ నైవేద్యానికి ముందే రెండు తీసి పక్కన పెడతాను. దేవుడికన్నా ముందు ఎవరికి అత్తా అని కోడలు అడుగుతుంది. పక్కింటావిడకి అంటాను. పక్కిల్లు పడగొట్టి చాలా ఏళ్ళయిందని కోడలికి తెలుసు. సాయంత్రం భజన అయ్యాక ఆ రెండూ నేనే తినేస్తాను, కంచె దగ్గర నిలబడి.