పట్టు ముందు, నూలు వెనక

ఆ రోజుల్లో నేను మాట్లాడిన మాటలకన్నా మింగిన మాటలే ఎక్కువ. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి లోపలికి పారిపోయేదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక, వాళ్లడిగిన ప్రశ్నలకు డైరీలో నిదానంగా, కామాలతో సహా జవాబులు రాసుకునేదాన్ని. (ఆ లెక్కన గద్వాలలో నా అంత బాగా మాట్లాడేవాళ్లు లేరు. ఎదుటివాళ్లకే ఆ సంగతి తెలియదు.) అలాంటి నేను నలుగురిలో నోరు తెరిచి చెప్పిన మొట్టమొదటి సలహా కారు టైర్ల గురించి కావడమూ, దాని మీద మా చిన్నాయన పెళ్లి ఆధారపడటమూ తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మాది మగ్గాల ఇల్లు. నాయన నేసేవాడు, అమ్మా అవ్వా కండెలు చుట్టేవాళ్లు, చిన్నాయన చీరల మూటలు పట్టుకుని ఊరూరా తిరిగి దుకాణాలకు వేసి వచ్చేవాడు. అలా తిరుగుతూ వనపర్తిలో ఒక పెద్దింటి షెడ్డులో ఎర్ర కారును చూశాడు. రెండే తలుపులు, పైన కప్పు లేదు, నేలకు అంటుకున్నంత ఎత్తు. ఒకప్పుడు సరదాగా వేగంగా తోలడానికి ఎవరో తెప్పించుకున్నదట. చిన్నాయన చూసేనాటికి అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. "కోళ్లకు ఇంకో గూడు కట్టుకుంటం గని, నువ్వు తీస్కపో" అన్నారట ఆ ఇంటివాళ్లు. అగ్గువకు కొని, మెకానిక్ కాళ్లావేళ్లా పడి బాగుచేయించి మా వీధిలోకి తోలుకొచ్చాడు. వీధి మొత్తం బయటికి వచ్చి చూసింది. సాయంత్రానికల్లా దానికి 'తాబేలు' అని పేరు స్థిరపడింది. సీట్ల కింద నుంచి ఈకలు మాత్రం చాలాకాలం వస్తూనే ఉన్నాయి.

చిన్నాయనకు ముప్పై దాటాయి. సంబంధాలు వచ్చినట్టే వచ్చి జారిపోయేవి. "మూటలు మోసుకుంట తిరిగేటోనికి పిల్లనెట్ల ఇస్తం" అని ఒకరు ముఖం మీదే అన్నారు. ఆ రోజు చిన్నాయన అన్నం తినకుండా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, నేయడం రానివాడు. తర్వాత నాగర్‌కర్నూల్ సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి ఫొటో చూసినప్పటి నుంచి ఆయన మనిషి మనిషిగా లేడు. ఫొటోను మంచి చీర మడతలో దాచి ఊళ్లు తిప్పేవాడు. (ఒకసారి ఆ చీరను అమ్మేసి, మళ్లీ దుకాణానికి పరుగెత్తి తెచ్చుకున్నాడు. చీరను కాదు, ఫొటోను.) "అన్నా, ఈసారి పిల్లను చూడనీకి కారుల పోత. జర మనిషి లెక్క కనపడాలె" అన్నాడు నాయనతో. కారుంది కానీ టైర్లు నున్నగా అరిగి, గుండు చేయించుకున్న తలల్లా ఉన్నాయి. మే నెల ఎండకు తారు కరుగుతోంది. కొత్త టైర్లు లేకుండా కృష్ణ వంతెన కూడా దాటలేమని మెకానిక్ తేల్చేశాడు.

టైర్ల దుకాణానికి ఇంటిల్లిపాదీ కదిలాం. మా ఇంట్లో నూలు కొన్నా, పట్టు కొన్నా అందరూ చేత్తో పట్టి చూడాల్సిందే. టైర్లకు వేరే పద్ధతి ఉంటుందని ఎవరికీ తోచలేదు. దుకాణం భాయ్ రెండు రకాలు బయటపెట్టాడు. "ఇవి ఎండకాలానికి, ఉరికే కార్లకు. మెత్తటి రబ్బరు. రోడ్డు కాల్తున్నా బల్లి లెక్క పట్టుకుంటయి. గని జల్ది అరుగుతయి. గివి గట్టియి, టాక్సీలకు ఏస్తరు. అరగవు, గని పట్టు జర తక్కువ." నాయన మెత్తటి టైరును బొటనవేలితో నొక్కి, రెండు వేళ్ల మధ్య గిల్లి, వాసన చూశాడు. అవ్వ ఊరుకోలేదు. కొంగు కొస నీళ్లలో తడిపి టైరు మీద గట్టిగా రుద్దింది. కొంగు నల్లబడింది.

"రంగు దిగుతున్నది. ఒద్దు," అంది తీర్పు చెప్పినట్టు.

"అవ్వా, టైరును ఎవరన్న ఉతుకుతరా?" భాయ్ తల పట్టుకున్నాడు.

"వానొస్తే తడవదా ఏంది? రంగు దిగే సరుకు మా ఇంట్ల ఎన్నడూ కొనలె."

నాయనకు గట్టివే కావాలి, ఏళ్లపాటు మన్నుతాయి కాబట్టి. చిన్నాయనకు మెత్తవే కావాలి, కారు వాటి మీద నిలబడితే రాజసం వస్తుంది కాబట్టి. అన్నదమ్ములిద్దరూ గొంతులు పెంచుతున్నారు. మెత్తవి ఖరీదు, నాలుగూ అవే కొనే స్తోమత లేదని ఇద్దరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరూ అనరు. చిన్నాయన ముఖం మగ్గం గుంటలో కూర్చున్న నాటి ముఖంలా మారుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. అప్పుడు ఏ దేవుడు నా నోట్లో దూరాడో గానీ, టైర్ల గుట్ట వెనక నుంచి అన్నాను: "మన చీర లెక్క చేస్తే? అంచు పట్టు, నడుమ నూలు. ముందట రెండు మెత్తయి, ఎనుక రెండు గట్టియి. పెండ్లోళ్లు చూసేది ముందే గద."

నాయన నా వైపు, నేను అప్పుడే పుట్టినట్టు చూశాడు. "గింత తెలివి యాడ దాచినవ్ బిడ్డా?" అంది అవ్వ. భాయ్ కూడా "ఆలోచన బాగనే ఉన్నది" అన్నాడు (రెండు రకాలూ అమ్ముడుపోతున్న ఆనందంలో). ఇంటికొచ్చే దారిలో చిన్నాయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ రోజు డైరీలో రాయడానికి నాకేమీ మిగల్లేదు. చెప్పాల్సింది పైకే చెప్పేశాను కదా.

పెళ్లిచూపుల రోజు కారులో చిన్నాయన, పక్కన లడ్డూల గంపతో అవ్వ, వెనక ఇరుకులో ఒళ్లో పిల్లకు పెట్టే చీరతో నేను. కారు వనపర్తి దాకా సీతాకోకలా వెళ్లింది. "నీ టైర్లు కమాల్ చేస్తున్నయి పిల్లా!" అని చిన్నాయన గాలిలో అరుస్తుంటే నేను గర్వంగా మెడ చాచి ముందు టైర్ల వైపు చూశాను. వనపర్తి దాటాక మబ్బు పట్టి, నాగర్‌కర్నూల్ చేరుతుండగా వాన దంచింది. కప్పు లేదు. అవ్వ లడ్డూల మీద కొంగు కప్పింది, నేను చీరను పొట్టకు అదుముకుని వంగిపోయాను, చిన్నాయన తల నూనె కారి కళ్లలోకి దిగింది. అమ్మాయి వాళ్ల వీధి మలుపు వచ్చేసరికి వాన వెలిసింది. అరుగుల మీద జనం నిలబడి ఉన్నారు. చిన్నాయన నిటారుగా కూర్చుని, రాజసంగా మలుపు తిప్పి, వాళ్ల గుమ్మం ముందు బ్రేకు తొక్కాడు.

ముందు టైర్లు బల్లిలా పట్టుకున్నాయి. వెనకవి పట్టుకోలేదు. కారు వెనక భాగం, ముందు భాగంతో ఏ సంబంధమూ లేనట్టు, మెల్లగా, బొంగరంలా బురదలో తిరిగింది. లడ్డూలు ఎగిరాయి. మేం ఆగేసరికి కారు ముఖం గద్వాల వైపు ఉంది.

పిల్ల తండ్రి అరుగు దిగొచ్చి, తడిసిన మా ముగ్గురినీ చూసి, "ఏందయ్యా, రాకముందే మర్లిపోతున్నరా?" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

లోపల చాపల మీద కూర్చున్నాక, కారు ఎందుకు తిరిగిందని ఎవరో అడిగారు. "తప్పు నాదే. టైర్లు నేనే ఏరిన" అన్నాడు చిన్నాయన నేల చూస్తూ. అవ్వకు అన్యాయం నచ్చదు. "నువ్వెందుకేరినవ్? మా పిల్ల చెప్పింది! పట్టు ముందట, నూలు ఎనుక" అంది గర్వంగా. గదిలో కళ్లన్నీ నా మీద పడ్డాయి. పారిపోదామంటే ఆ ఇంట్లో లోపలి గది ఎటువైపో తెలియదు. చచ్చినట్టు మా చీరల సంగతి, టైర్ల సంగతి, అంచు సంగతి, రంగు దిగిన సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్న కొద్దీ నాకే అర్థమవుతోంది అది ఎంత తిక్క ఆలోచనో. తలుపు పక్కన నిలబడిన అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. చివరికి ఆపుకోలేక, "చెల్లె, పట్టు ఎనుకకు ఏసి, నూలు ముందటికి ఏస్తే ఎట్లుంటుండె?" అంది.

అడిగింది నన్ను. జవాబు చెప్పింది చిన్నాయన. చటుక్కున తలెత్తి, "మీరు చెప్పినంక ఏసి చూడకపోతే ఎట్ల?" అని లేచి బయటికి నడిచాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని జాకీ ఎత్తాడు. పిల్ల తండ్రి కాసేపు చూసి, పంచె ఎగ్గట్టి పానా అందుకున్నాడు. పెళ్లిచూపులు వీధిలోనే జరిగాయి. ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మారేలోగా ఆ అమ్మాయి రెండుసార్లు మంచినీళ్లు తెచ్చింది. రెండోసారి చిన్నాయనకు నీళ్లు తాగడం మరిచిపోయేంత పరేషాన్. నేను కారు చాటున నిలబడి, చెప్పాల్సిన క్షమాపణను మనసులో దిద్దుకుంటూ ఉన్నాను. ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చినుకులు పడ్డాయి. కారు వెనక భాగం బుద్ధిగా మా వెంటే వచ్చింది. సంగతంతా విని నాయన మగ్గం మీది చీర అంచును వేలితో తడిమాడు. తర్వాత, "చీరల పట్టుకు నూలుకు నడుమ ఒక్కో పోగు చేత్తో కలుపుతం గదనే. కారుల ఎవరు కలిపిన్రు?" అన్నాడు. తిట్టినట్టు కాదు. ఆలోచిస్తున్నట్టు.

మెత్తటి టైర్లు ఆ ఎండాకాలం దాటలేదు. తాబేలు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. చిన్నమ్మ మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఏ పని మొదలుపెట్టినా చిన్నాయన ఇప్పటికీ "ముందు మా పిల్లను అడుగుండ్రి" అంటాడు, చిన్నమ్మ వెంటనే "అడిగి, తిప్పి ఏయుండ్రి" అంటుంది. నేను వనపర్తిలో ఉద్యోగం చేస్తున్నాను. పదిమందిలో ఎవరైనా నా అభిప్రాయం అడిగితే ఈనాటికీ ముందు ఆ కారు కళ్ల ముందు మెల్లగా తిరుగుతుంది. అది పూర్తిగా తిరిగి, ఆగి, లడ్డూలన్నీ కింద పడేదాకా ఓపిగ్గా ఉంటాను. ఆ తర్వాత గొంతు సవరించుకుని, నాకు తోచింది చెబుతాను.