సినిమాలో సాంచా చప్పుడు

సచిన్ పారిశ్రామికవాడలో బస్సు దిగగానే మరమగ్గాల నూనె వాసన తగిలితే నాకు ఆ చవక దయ్యం సినిమా గుర్తొస్తుంది.

లాక్‌డౌన్‌లో ఆ మగ్గాలు, మా మాటలో సాంచాలు, ఆగి నెల దాటింది. ఒక మధ్యాహ్నం పక్కింటివాళ్లతో కలిసి మా గదిలో ఒక్క ఫోన్ చుట్టూ మూగాం. సినిమాలో కార్ఖానా యజమాని చంపి పాతిపెట్టిన పనిమనిషి దయ్యమై పగ తీర్చుకోవడానికి వస్తుంది. ముఖానికి పూసింది గోధుమపిండేనని పెద్దవాళ్లు పగలబడి నవ్వారు. నేను మాత్రం అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అంతలో, తాళం వేసిన కార్ఖానాలో ఒక సాంచా దానంతటదే ఆడసాగింది. ఖటఖట, ఖటఖట. గదిలో నవ్వులు ఆగిపోయాయి. బాపు దిగ్గున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాడు.

"ఏడికి ఉరుకుతున్నవయ్యా? గా సాంచా సిన్మలది!" అని అమ్మ కేకేసింది.

బాపు గల్లీ చివరిదాకా పోయి, మూసి ఉన్న, తాను పనిచేసే కార్ఖానా వైపు చెవిపెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, "ఏం లే, నడువనీ" అన్నాడు. అమ్మ ఫోన్ చప్పుడు తగ్గించింది.

దయ్యానికి జడిసి బాపు పారిపోయాడని వారం రోజులు గల్లీ పిల్లలకు చెప్పి నవ్వాను. ఆయన ఒక్కసారీ కాదనలేదు. పారిపోయేవాడు కార్ఖానా వైపే ఎందుకు ఉరుకుతాడని నాకు అప్పుడు తట్టలేదు.